ఏ క్లబ్ పెద్దదో తేల్చే కొలబద్ద గారికి

మహారాజశ్రీ కొలబద్ద గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుద్దామంటే మనసు ఒప్పడం లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఏ క్లబ్ పెద్దదని ప్రతి శనివారం రాత్రి మా ఫ్లాట్‌లో మిమ్మల్ని ముగ్గురు మూడు వైపులకి లాగుతుంటే కళ్లారా చూస్తున్నవాణ్ణి.

బట్టల షాపులో టేపుకి ఒక పట్టుదల ఉంటుంది. ఎవరు పట్టుకున్నా మీటరు మీటరే. మీది మరీ మెత్తని మనసు. ఎవరి చేతిలో పడితే వాళ్ల క్లబ్‌కి సరిగ్గా సరిపోతారు.

మా గుంటూరు వాడినే తీసుకోండి. లివర్‌పూల్ అభిమాని. ఆ క్లబ్ 1990 తర్వాత 2020 దాకా ఇంగ్లండ్ లీగ్ గెలవలేదు కాబట్టి ఆ రోజుల్లో వాడి దగ్గర మీరు యూరోపియన్ కప్పుల (యూరప్‌లోని మేటి క్లబ్‌లన్నీ పోటీపడే కప్పు, ఇప్పటి పేరు ఛాంపియన్స్ లీగ్) లెక్కలో ఉండేవారు. "లీగ్ ఊళ్లో గొడవ మామా, యూరప్‌లో గెలిచినోడే మొనగాడు" అనేవాడు. వాళ్లకి ఆరు, మాంచెస్టర్ యునైటెడ్‌కి మూడు. 2025లో లివర్‌పూల్ ఇరవయ్యో లీగ్ గెలిచి యునైటెడ్‌తో సమానమయ్యేసరికి ఊళ్లో గొడవ కాస్తా ప్రపంచంలోకెల్లా కష్టమైన లీగ్ అయిపోయింది. ఒకసారి నేను ఊరుకోక, "యూరోపియన్ కప్పులే లెక్కయితే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1979, 80ల్లో వరసగా రెండు గెలిచింది. ఆర్సెనల్ 2006లో ఫైనల్ దాకా వెళ్లి బార్సిలోనా చేతిలో ఓడింది. అంటే ఆ రోజుకి ఆర్సెనల్ కన్నా ఫారెస్ట్ పెద్దదా?" అన్నాను. ఫారెస్ట్ గెలిచిన లీగ్ మొత్తం మీద ఒక్కటే, 1978లో. వాడు మిమ్మల్ని మడిచి జేబులో పెట్టుకుని నీళ్లు తాగడానికి వెళ్లాడు.

అనంతపురం వాడిది యునైటెడ్. ఆఖరి లీగ్ 2013లో. అప్పటి నుంచి వాడి చేతిలో మీరు పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. మొదట చరిత్ర అన్నాడు. చరిత్రలో లివర్‌పూల్ సమానం కాగానే స్టేడియం సైజుకి దిగాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సుమారు 74 వేల సీట్లు, ఆన్‌ఫీల్డ్‌లో 61 వేలు. "వానొస్తే పైకప్పు కారే ఇంట్లో ఎన్ని గదులుంటే ఏంట్రా" అని గుంటూరు వాడు. ఇక మిగిలింది ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్లు. ఆ లెక్కన బాగా ఆడే క్లబ్ కన్నా బాగా ఏడిపించే క్లబ్‌కే జనం ఎక్కువ.

నెల్లూరు వాడు మాంచెస్టర్ సిటీ. వాడికి కాలం 2008లో, అబూదబీ డబ్బు వచ్చిన రోజున మొదలైంది. పాపం, వాడి క్లబ్ తరఫున చెప్పుకోదగ్గ గొప్ప మాట ఒకటుంది, అది వాడికే తెలియదు. 1999 మే 26న యునైటెడ్ ఛాంపియన్స్ లీగ్ గెలిచి ట్రెబుల్, అంటే ఒకే సీజన్‌లో మూడు పెద్ద కప్పులు, పూర్తి చేసింది. నాలుగు రోజుల తర్వాత సిటీ వెంబ్లీలో ఆడింది, పైనుంచి మూడో అంచె లీగ్ నుంచి బయటపడటానికి, గిలింగ్‌హామ్ అనే చిన్న క్లబ్ మీద. అంత పాతాళంలో ఉన్న ఆ సీజన్‌లో కూడా సిటీ సొంత మైదానానికి సగటున 28 వేల మంది వచ్చేవాళ్లు. డబ్బుతో వచ్చిన జనం కాదు వాళ్లు. ఈ ముక్క నేను వాడికి చెప్పను. చెబితే మిమ్మల్ని ఇంకాస్త సాగదీస్తాడు.

అసలు వీళ్లెవరూ మిమ్మల్ని సంప్రదించి క్లబ్ ఎంచుకోలేదండీ. గుంటూరు వాడి హాస్టల్ సీనియర్‌ది లివర్‌పూల్. అనంతపురం వాడికి రొనాల్డో ఫ్రీ కిక్ ముందు నిలబడే తీరు నచ్చింది. నెల్లూరు వాడు టీవీ కొన్న ఏడాది సిటీ గెలిచింది. క్లబ్ ముందు దొరికింది, మీరు తర్వాత వచ్చారు.

నన్నడిగితే ఒక క్లబ్ ఓడినప్పుడు సంబంధం లేనివాళ్లు ఎంత సంతోషిస్తారో అది అంత పెద్దది. 2023 మార్చి 5న ఆన్‌ఫీల్డ్‌లో యునైటెడ్ ఏడు సున్నాతో ఓడింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో చెల్సీ వాళ్లు, ఆర్సెనల్ వాళ్లు, ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియని వాచ్‌మన్ సహా అందరూ బిర్యానీ తిన్నారు. బోర్న్‌మత్ ఓడితే ఎవరైనా బిర్యానీ తెప్పిస్తారా?

దానికి రెండు రోజుల ముందు ఇక్కడే, కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్. అదనపు సమయంలో బ్లాస్టర్స్ వాళ్లు ఫ్రీ కిక్‌కి అడ్డంగా ఇంకా వరసగా నిలబడి గోడ కట్టుకుంటుండగానే బెంగళూరు ఆటగాడు ఛెత్రీ కొట్టేశాడు. గోల్ ఇచ్చారని బ్లాస్టర్స్ కోచ్ తన టీమ్‌ని మైదానం నుంచి బయటికి పిలిచేశాడు. కప్పులు లెక్కపెడితే అక్కడ పోటీయే లేదు: బెంగళూరు పుట్టిన మొదటి సీజన్లోనే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ లీగ్ గెలిచింది, 2019లో ఐఎస్‌ఎల్ కూడా. బ్లాస్టర్స్ 2014, 2016, 2022 ఫైనల్స్ మూడూ ఓడింది. అయినా బ్లాస్టర్స్ పసుపు చొక్కాలు మైదానం వదిలి వెళుతుంటే ఈ ఊరు పడ్డ సంబరం చూడాల్సింది.

కలకత్తా వాళ్లు ఈ విషయంలో తెలివైనవాళ్లు. అక్కడి రెండు పెద్ద క్లబ్‌ల్లో ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే మన గోదావరి పులసే. ధర పెరిగిన చేపను బట్టి ఎవరు గెలిచారో తెలుసుకోవచ్చు, మీతో పనే లేదు.

ఇక మన సంగతి. 2022లో బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది ఎవరనుకున్నారు? హైదరాబాద్ ఎఫ్‌సీ. ఈ ముక్క మా ఫ్లాట్‌లో ముగ్గురు తెలుగువాళ్లలో ఒక్కడికీ తెలియదు. 2025లో ఆ క్లబ్ పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. అదీ తెలియదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు (బొంబాయిలో జరిగిన పాత ఫుట్‌బాల్ పోటీ) గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి, దాన్ని నడిపిన కోచ్ రహీమ్ సాబ్ గురించి చెబితే, "ఆయన ఏ స్టేషన్లో ఎస్సై?" అన్నాడు నెల్లూరు వాడు.

కనుక మనవి ఏమనగా, ఈ శనివారం తమరు మా ఇంటికి దయచేయవద్దు. కింద ఉండే ఓనర్ అంకుల్ ఇప్పటికే రెండుసార్లు పైకి వచ్చారు.

ఇట్లు,
భవదీయుడు

తా.క.: పక్క గదిలోకి కడప నుంచి కొత్త కుర్రాడు దిగాడు. టాటెన్‌హామ్ అంట. పెట్టె తెరవకముందే "1961లో లీగూ, ఎఫ్ఏ కప్పూ ఒకే ఏడాది గెలిచాం అన్నా" అని మొదలుపెట్టాడు. వస్తే మాత్రం ఒంటికి కాస్త నూనె రాసుకుని రండి.