నెత్తికెత్తుకోలేని బతుకమ్మ ఎవరి కోసం?

2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,000 మందికి పైగా ఆడవాళ్లు ఒకేసారి బతుకమ్మ ఆడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 60 అడుగులు దాటిన బతుకమ్మను నిలబెడితే మళ్లీ గిన్నిస్ రికార్డే. సంబురమే, కాదనేదేం లేదు. కానీ 60 అడుగుల బతుకమ్మను నెత్తిన పెట్టుకొని చెరువుకు పోయేదెవరు? పూలు ఏరుకొచ్చి పేర్చడం, చుట్టూ తిరిగి ఆడడం, నీళ్లలో సాగనంపడం: ఈ మూడూ కలిస్తేనే గౌరమ్మ పండుగ. స్టేడియానికి ఎక్కింది నడిమి ముక్క ఒక్కటే.

పేర్చే పని చూస్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. తాంబాళంలో గుమ్మడాకులో, ఆముదపాకులో పరిచి అంచు వెంట తంగేడు పెడతారు. పూలు బయటికి, కాడలు లోపలికి. నడుమ తరిగిన ఆకులు, గునుగు కాడల ముక్కలు దట్టంగా నింపి అరచేత్తో ఒత్తాలి. పై వరుస కింది వరుసకన్నా కొంచెం లోపలికి జరగాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. బయటి వరుసలు చకచకా పెంచి నడుమ బోలుగా వదిలేస్తారు. కాడలు వాడి కుంగేసరికి బతుకమ్మ ఓ పక్కకు ఒరుగుతుంది, చెరువు దారిలోనే సగం రాలిపోతుంది. గునుగును గుప్పెడేసి కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, కొసలు రంగులో ముంచి, బాగా ఆరాకే వరుసలో పెట్టాలి. తడిమీద పెడితే రంగు కారి కింది తెల్ల వరుసంతా పాడవుతుంది. తంగేడును పొద్దున్నే తెచ్చి తడిబట్ట కప్పకపోతే పేర్చే వేళకే ముడుచుకుపోతుంది. చివరన గుమ్మడి పువ్వు, తమలపాకులో పసుపు గౌరమ్మ. ఎంత ఎత్తు పేర్చాలంటే, మోసే మనిషి మెడ ఆపినంత. ఈ పండుగకున్న కొలత అదొక్కటే.

ఇక ఆ పూలెక్కడివి? తంగేడును ఎవరూ సాగు చేయరు. గుట్టల పక్కన, బంజరు మీద, చెలక గట్ల మీద వానకాలం చివర దానంతటదే విరగబూస్తుంది. గునుగు జొన్న, మక్క చేన్లలో కలుపు. ఏ పొలం గట్టుకు పోయినా, ఎవరినీ అడగకుండా ఒడి నిండా తెంపుకునే హక్కు ఆడవాళ్లకు ఇచ్చిన పండుగ ఇది. ఇప్పుడు పత్తి చేన్లలో గడ్డిమందు కొడితే గునుగు మొలక దశలోనే మాడుతోంది. గుట్ట క్వారీకి పోయింది, బంజరు వెంచరైంది. అందుకే తంగేడు కట్ట గుడిమల్కాపూర్ మార్కెట్లో కొనుక్కునే సరుకైంది.

స్టేడియాలను సమర్థించేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో చిన్నచూపు చూసిన పండుగ ఉద్యమంలో జెండా అయింది, 2014లో రాష్ట్ర పండుగ అయింది. వేదికలు లేకుంటే డల్లాస్‌లో, లండన్‌లో పుట్టిన ఆడపిల్లలకు ‘ఉయ్యాలో’ అనే పల్లవి తెలిసేది కాదు. వాళ్లు చామంతులతో పేర్చి తొట్టిలో వదిలినా తప్పు పట్టలేం, అక్కడ తంగేడు లేదు, ఊరి చెరువూ లేదు. కానీ మన సర్కారుకు ఆ సాకు చెల్లదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. పోగొడుతున్నది మనమే.

నా అసలు బాధ చెరువు గురించే. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి దుర్గాష్టమి నాటి సద్దుల దాకా ఈ తొమ్మిది రోజులూ ఎప్పుడొస్తాయో చూడండి. వానలు వెనకబట్టి, చెరువు నిండి, మత్తడి దుంకే రోజుల్లో. ఊరి ఆడవాళ్లంతా ఏటా ఒకసారి కట్టమీదికొచ్చి తమ చెరువును కళ్లారా చూసుకుంటారు. నీళ్లెంత వరకు వచ్చాయి, కట్ట ఎక్కడ జారింది, శిఖంలోకి, అంటే చెరువు లోపలి భూమిలోకి, ఎవరి గోడ జరిగింది, అన్నీ కంటపడతాయి. చెరువుల పునరుద్ధరణకు పెట్టిన మిషన్ కాకతీయ పథకం లెక్కకు తీసుకున్న 46 వేలకు పైగా చెరువులకు ఇంతకన్నా మంచి తనిఖీ ఏముంది? ఆ పూలు నీటిని శుద్ధి చేస్తాయని ఏటా రాస్తుంటారు. ఆ వాదన మనకు అక్కర్లేదు. తొట్టిలో పోస్తే అవే పూలు మర్నాటికి కుళ్లి కంపు కొడతాయి. థర్మకోల్ పీట, జరీ కాగితాలు పెడితే చెరువుకూ చేటే. నీళ్లలోకి పోవాల్సింది ఆకూ పువ్వే. గౌరమ్మను ముందే తీసి ఆ పసుపు పుస్తెలకు రాసుకుంటారు, తాంబాళం ఇంటికి తిరిగొస్తుంది.

అంబర్‌పేటలో బతుకమ్మ కుంట కథే చూడండి. పాత లెక్కల్లో 14 ఎకరాల పైచిలుకు ఉన్న కుంట చెత్తకుప్పై, కబ్జాలపాలై ఐదెకరాల చిల్లరకు కుంచించుకుపోయింది. 2025లో చెరువుల కబ్జాలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు ఉబికొచ్చాయి. ఆ సెప్టెంబరులోనే దాన్ని ప్రారంభించి బతుకమ్మ ఆడారు. సరూర్‌నగర్ రికార్డు కూడా ఆ రోజుల్లోదే. రెండింటిలో పండుగకు పనికొచ్చింది కుంటే.

కాబట్టి వచ్చే ఏడు ఖర్చు పెట్టే సొమ్ము మొదట చెరువు మెట్లకు, నాచు తీయించడానికి, మోకాటిలోతు దగ్గర అడ్డంగా కట్టే తాడుకు, దీపాలకు పోవాలి. ఇంకొకటి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చడం లేదు, ఆట లేదు. ఊరూరా ఆ పూట ఆడవాళ్లతో గ్రామసభ పెట్టి, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్) పటాన్ని, శిఖం భూముల సర్వే నంబర్లను వాళ్ల ముందు చదివి వినిపించాలి. మూడు రోజుల తర్వాత అదే కట్టమీదికి సద్దులతో వెళ్లేది వాళ్లే.