సోమశిలకు మాల్దీవుల పేరెందుకు?

సెలవులు దగ్గరపడితే చాలు, ఫోన్లో అదే వీడియో. డ్రోన్ పైకి లేస్తుంది, నీళ్ల మధ్య పచ్చటి గుట్టలు కనిపిస్తాయి, కింద ‘తెలంగాణ మినీ మాల్దీవులు’ అని రాసి ఉంటుంది. కృష్ణ ఒడ్డున, మన కొల్లాపూర్ పక్కనున్న సోమశిలే అది. సముద్రం లేని రాష్ట్రానికి సముద్రం మీద మోజు ఉండటంలో తప్పేం లేదు, నాకూ ఉంది. కానీ పడవల ఊరికి అందం ఎక్కడి నుంచి వస్తుందో మనం పట్టించుకున్నట్టు లేదు.

నీళ్లు నీలంగా ఉంటే చాలనుకుంటే స్విమ్మింగ్ పూల్ కూడా నీలంగానే ఉంటుంది. కాకినాడ దగ్గరి కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టిన ఊళ్లు. అక్కడి రేవు నుంచి జనం రంగూన్ దాకా పోయారు, బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేంతగా. 1839 తుఫాను కోరంగిని ఊడ్చేసింది, పేరు మాత్రం మిగిలింది. అలాంటి ఊళ్లో ఓడ చెక్కే వడ్రంగి, వల బాగుచేసుకునే ముసలాయన, గాలి ఎటు వీస్తోందో చూసుకుని గానీ గడప దాటని సరంగు ఉంటారు. ఊరి టైమ్‌టేబుల్ నీళ్ల చేతిలో ఉంటుంది. మనం అంతదూరం పోయి చూసేది, నిజానికి, ఆ బతుకునే.

సోమశిలకు అలాంటి టైమ్‌టేబుల్ ఉంది, ఎవరూ చెప్పరు గానీ. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తే ఇక్కడ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఎగువ నుంచి వరద దిగి శ్రీశైలం జలాశయం 885 అడుగులకు చేరే రోజుల్లో నీళ్లు ఊరి మెట్ల దాకా ఎక్కుతాయి, ఎండాకాలానికి వెనక్కి పోయి పగుళ్లిచ్చిన ఒండ్రు మిగులుతుంది. ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడిదీ ఇదే లెక్క. ఏడాదిలో సగానికి పైగా నీళ్లలోనే ఉంటుంది, మునిగేముందు పూజారి శిఖరానికి ఆఖరి పూజ చేస్తాడు, నీళ్లు దిగాక మళ్లీ వేపలింగానికి దీపం పెడతారు. దేవుడు కూడా నీళ్లను అడిగి దర్శనమిచ్చే చోటును పట్టుకుని ఇంకో దేశం పేరు పెట్టుకోవడం ఏం తెలివి?

పోయినసారి పుట్టి అనే గుండ్రటి పడవ ఎక్కాను. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున పట్టా బిగించి, తారు పూస్తారు. ముందూ వెనకా ఉండవు, ఒక్క తెడ్డు. ఫొటో కోసం లేచి నిలబడబోతే నడిపే ఆయన గద్దించాడు: ‘సారూ, కూసో. నువ్వు లేస్తే ఇది గిర్రున తిరుగుతది.’ కూర్చున్నాను. ఆయన నీళ్లకేసి తెడ్డు చూపించి, తాత వాళ్ల ఊరు ఇక్కడే అడుగున ఉందన్నాడు, పక్కింటి అడ్రస్ చెప్పినంత మామూలుగా. సోమశిల గుడిని కూడా ముంపు నుంచి తప్పించి ఒడ్డుకు తెచ్చి కట్టిందే. డ్రోన్ వీడియోలో అందంగా కనిపించే ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. (ఇది తెలిస్తే టూరిస్టులు రారనుకుంటారేమో. నాకైతే మళ్లీ వెళ్లాలనిపించింది అందుకే.)

తమాషా ఏంటంటే సముద్రం మన దగ్గరికి రాకపోయినా సముద్రపు మనుషులు వచ్చారు. కోస్తా నుంచి వచ్చిన జాలర్లు ఈ బ్యాక్‌వాటర్ ఒడ్డున గుడిసెలు వేసుకుని చేపలు పడుతుంటారు. చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వలల మీద మాత్రం స్థానికులతో గొడవలున్నాయి, వాటిని ఆపాల్సిందే.

భద్రత మాటకొస్తే నేను మొహమాటపడను. 2007 జనవరిలో ఈ దగ్గర్లోనే కృష్ణ దాటుతూ పడవ మునిగి 61 మంది పోయారు. వాళ్లు సరదాకి ఎక్కలేదు, అవతలికి పోవడానికి వేరే దారి లేక ఎక్కారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు కేంద్రం ఒప్పుకున్నది 2022లో. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకూడదు, పుట్టిలోనైనా సరే, మీదికి ఎంత పెద్దమనిషి వచ్చినా సరే.

కాటేజీలు కట్టారు, శ్రీశైలానికి లాంచీ ఉంది, మంచిదే. కానీ ఈ వారం నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, సంగమేశ్వరం తేలిందా లేదా అని ఒడ్డున ఒక బోర్డు రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? పుట్టి నడిపేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, రేటు ఖరారు చేసి, ఊరి ముచ్చట్లు వాళ్ల నోటితోనే చెప్పించొచ్చు కదా. ఏప్రిల్‌లో వచ్చి ‘నీళ్లేవీ?’ అని మొహం మాడ్చుకునేవాళ్లకు, ఆ నెలలోనే గుడి కనిపిస్తుందని ముందుగా చెప్పే నాథుడు లేడు.

వంతెన వచ్చాక పుట్టి ఎవరు ఎక్కుతారని దిగేటప్పుడు ఆయన్ని అడిగాను. ‘బ్రిడ్జి మీదికెళ్లి చాపలు పట్టరు గద సారూ’ అని నవ్వి, పుట్టిని ఒడ్డున బోర్లించి, తారు రాలిన చోట వేలితో గీకి చూసుకుంటూ కూర్చున్నాడు.