డైనింగ్ టేబుల్ నౌకాశాల: ఒక సమర్థన

కలపతో చేసే నమూనా ఓడ ఎప్పటికి పూర్తవుతుందని అడగడం చరిత్రజ్ఞానం లేనివారి పని. ఆ ప్రశ్న మా ఇంట్లో రోజుకు సగటున రెండుసార్లు, బంధువులు వచ్చిన రోజున నాలుగుసార్లు వినిపిస్తుంది కాబట్టి, దానికి లిఖితపూర్వకమైన, శాశ్వతమైన సమాధానం ఇవ్వవలసిన బాధ్యత నా మీద పడింది.

విషయం ఇది. 2018లో నేను హెచ్.ఎం.ఎస్. విక్టరీ అనే బ్రిటిష్ యుద్ధనౌక నమూనాను, 1:72 కొలతలో, విడిభాగాల పెట్టెగా తెప్పించుకున్నాను. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ ప్రాణాలు విడిచిన ఓడ అది. పెట్టె విప్పిన సాయంత్రమే మా భోజనాల బల్ల నౌకాశాలగా మారింది. అప్పటినుంచి మా కుటుంబం నేలమీద పీటలు వేసుకుని భోంచేస్తోంది. అది ఆరోగ్యానికి మంచిదని పెద్దలు చెప్పనే చెప్పారు.

మా ఆవిడ లెక్కల టీచరు. ఆమె అభియోగం అంకెలతో కూడినది కనుక దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. అసలు విక్టరీకి ఇంగ్లండులోని చాతం నౌకాశాలలో 1759 జూలైలో కీల్ (అడుగున వెన్నెముకలా ఉండే దూలం) వేశారు, 1765 మేలో నీటిలోకి దించారు, అంటే దాదాపు 70 నెలలు. "ఓడ 72 వంతులు చిన్నదైనప్పుడు కాలం కూడా 72 వంతులు తగ్గాలి కదండీ? నెల రోజులు కూడా పట్టకూడదు" అని ఆమె వాదన. ఈ వాదనలోని లోపాన్ని నేను కనిపెట్టడానికి ఏడాది పట్టింది. పొడవు 72 వంతులు తగ్గితే బరువు 72 వంతులు కాదు, 72ను 72తో, మళ్ళీ 72తో హెచ్చవేసినన్ని వంతులు తగ్గుతుంది. మూడున్నర వేల టన్నుల నౌక తొమ్మిది కిలోలకు దిగివస్తుంది. కానీ నా వేళ్ళు మాత్రం అసలు సైజులోనే ఉండిపోయాయి. పనివాడిని కూడా కొలత ప్రకారం తగ్గించి పెట్టెలో పెట్టి పంపి ఉంటే, నెల రోజుల గడువు విషయం ఆలోచించేవాళ్ళం.

పైగా ఆలస్యం ఆ ఓడ వంశాచారం. చట్రం నిలబెట్టాక కలప బాగా ఆరాలని దాన్ని సుమారు మూడేళ్ళు అలాగే వదిలేశారు. ఓక్ కలప అంత గట్టిపడటానికి ఆ విరామమే ఒక కారణమని చెబుతారు. నీటిలోకి దింపిన తరువాత కూడా వెంటనే పనిలోకి తీసుకోలేదు. 1778 దాకా, అంటే మరో 13 ఏళ్ళు, ఊరికే లంగరు వేసి ఉంచారు. ఈ లెక్కన నేను 2021 నుంచి 2023 వరకు పెట్టెను అటక మీద ఉంచడం బద్ధకం కాదు, కలప ఆరబెట్టడం. విదేశీ ఉదాహరణలు నచ్చనివారు మా విశాఖపట్నాన్నే చూడవచ్చు. ఇక్కడి నౌకాశాలకు 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేస్తే, మొదటి ఓడ 'జల ఉష'ను నెహ్రూ నీటిలోకి దింపింది 1948 మార్చిలో. మధ్యలో జపాన్ వాళ్ళు ఊరి మీద బాంబులు వేశారన్నది నిజమే. మా ఇంట్లోనూ రెండు గృహప్రవేశాలు, ఒక బావమరిది పెళ్ళి జరిగాయి.

ఇక నిర్మాణ క్రమం. ప్లైవుడ్‌తో చేసిన వెన్నెముకకు చేప ముళ్ళలాగా బల్క్‌హెడ్లను, అంటే అడ్డుపలకలను, దిగ్గొట్టి, వాటి మీద రెండు పొరలుగా సన్నటి చెక్క పట్టీలు అతికించాలి. మొదటి పొర లైమ్ కలప, రెండోది వాల్‌నట్. (లైమ్ అంటే నిమ్మ కాదు, ఐరోపాలో పెరిగే ఒక మెత్తటి కలప చెట్టు. ఈ సంగతి తెలియక మా మామగారు "నిమ్మచెక్కతో ఓడేమిటి, అల్లుడుగారూ" అని చాలాకాలం బెంగపెట్టుకున్నారు.) ముందుభాగంలో ఓడ గుండ్రంగా తిరుగుతుంది, పట్టీ తిరగనంటుంది. దాన్ని నీటిలో నానబెట్టి, ఆవిరి పట్టి, వంచి, ఆరేదాకా క్లిప్పులతో బిగించి ఉంచాలి. నానబెట్టడానికి బట్టల బకెట్టు, ఆవిరికి ఇడ్లీ పాత్ర, బిగించడానికి దండెం మీది క్లిప్పులు: నౌకానిర్మాణానికి కావలసిన సామగ్రి ప్రతి తెలుగింటిలోనూ సిద్ధంగా ఉందని ఇంతవరకు ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. వాల్‌నట్ వాసన పట్టిన ఇడ్లీని మా పిల్లలు తినకపోవడానికి వాళ్ళ పెంపకమే కారణమని నా అభిప్రాయం.

ఒక నియమం మాత్రం నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎడమవైపు ఒక పట్టీ వేస్తే కుడివైపు ఒకటి వేయాలి, లేకపోతే లాగుడుకి వెన్నెముక వంగిపోతుంది. నేను ఉత్సాహంలో ఒకవైపే తొమ్మిది వేశాను. తత్ఫలితంగా మా విక్టరీ శాశ్వతంగా ఎడమకు మళ్ళుతున్నట్టుగా, కొద్దిగా అరటిపండు ఆకారంలో ఉంటుంది. యుద్ధంలో శత్రువును తప్పుదారి పట్టించడానికి ఇది పనికొచ్చేది.

సూచనల పుస్తకం విషయంలో నాకు ఫిర్యాదు ఉంది. ఫిరంగి బండికి చక్రం ఎలా తగిలించాలో అందులో పేజీన్నర వర్ణించారు. ఆపైన, నాలుగు నెలలు పట్టే పని గురించి, "మిగిలిన పట్టీలను ఇదే విధంగా అమర్చండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. వంటల పుస్తకంలో "తగినంత ఉప్పు" అని రాసినవారి తరువాత ఇంత ధైర్యమైన రచయితను నేను చూడలేదు.

తాళ్ళ దశకు నేనింకా చేరుకోలేదు గానీ లెక్క వేసి పెట్టుకున్నాను. అసలు ఓడకు సుమారు 42 కిలోమీటర్ల తాడు ఉండేది. కొలత ప్రకారం నాకు దాదాపు 580 మీటర్ల దారం. దానికి తేనెమైనం పట్టించాలి. తెరచాప కొయ్యల మీదికి ఎక్కే తాళ్ళ నిచ్చెనల్లో ప్రతి అడ్డుదారాన్ని ప్రతి నిలువుదారానికి పట్టకారుతో విడివిడిగా ముడివేయాలి. అవి వేల ముడులు. మూడు ముళ్ళతో మొదలైన సంసారానికి ఇంకొన్ని వేల ముళ్ళు ఒక లెక్కా అని నేనొకసారి అన్నాను. మా ఆవిడ ఆ రాత్రి నాకు పీట కూడా వేయలేదు.

నిపుణుల సలహా కోసం, ఒక పెళ్ళికి కాకినాడ వెళ్ళినప్పుడు, తాళ్ళరేవు దాకా పోయాను. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో కొయ్య ఓడలు కట్టడం తరాలనాటి పని. అక్కడొక ముసలి మేస్త్రికి నా పెట్టెలోని నక్షాలను, పన్నెండు పెద్ద కాగితాలను, పరిచి చూపించాను. ఆయన మర్యాదగా అన్నీ చూశాడు. "ఇయ్యన్నీ ఎందుకండి బాబూ, కంటితో చూసి కట్టేత్తాం కదండి" అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని నేనడగలేదు. ఆయనే అడిగాడు, ఇంతకీ ఇది తేలుతుందా అని.

ఈ తేలడం అనే మూఢనమ్మకాన్ని కూడా ఇక్కడే ఖండించాలి. నమూనా ఓడలు కట్టేవారికి అత్యంత ప్రీతిపాత్రమైన వాటిలో స్వీడన్ వారి వాసా ఒకటి. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో బయలుదేరి, కిలోమీటరున్నర కూడా పోకుండానే, ఒక గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి రంధ్రాలలోకి నీరు చేరి మునిగిపోయిన నౌక అది. 333 ఏళ్ళ తరువాత దాన్ని పైకి తీసి, మ్యూజియం కట్టి, టికెట్టు పెట్టారు. తేలిన ఓడల్లో ఎన్నింటికి ఆ భాగ్యం దక్కింది? విక్టరీ కూడా 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో పొడిరేవులోనే ఉంది. మాది డైనింగ్ టేబుల్ మీద ఉంది. ఇద్దరమూ నీటి జోలికి పోవడం లేదు.

చివరిగా నా వాదనకు ప్రాణం లాంటి ఆధారం. 2022 నుంచి అసలు విక్టరీకి పదేళ్ళ ప్రణాళికతో మరమ్మతు జరుగుతోంది. పుచ్చిన పట్టీలు ఊడదీసి కొత్తవి వేస్తున్నారు, చుట్టూ పరంజా కట్టి కప్పేశారు, ప్రధాన తెరచాప కొయ్యను అంతకుముందే దించేశారు. అంటే 260 ఏళ్ళ తరువాత కూడా వాళ్ళు పట్టీలు వేసే దశలోనే ఉన్నారు, నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళ ఓడకూ కొయ్య లేదు, నా ఓడకూ లేదు.

ఈ సంగతి చదివి వినిపించగానే మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, ఒక పాత దుప్పటి తెచ్చి ఓడ మీద కప్పింది. దుమ్ము పడకుండా కాబోలు అనుకున్నాను. మరుసటి రోజు సాయంత్రం చూస్తే, దుప్పటి మీద మూడు పళ్ళేలు, సాంబారు గిన్నె ఉన్నాయి. బల్క్‌హెడ్లు బాగానే మోస్తున్నాయి.