విశాఖలో డిగ్రీ ఎప్పుడు అక్కరకొస్తుంది?

గాజువాకలో ఫిట్టర్ ట్రేడ్ చేసిన కుర్రాడికి పని దొరికి, మెకానికల్ బీటెక్ చదివిన పక్కింటి కుర్రాడు ఖాళీగా ఉంటే చాలు, డిగ్రీ దండగని తేల్చేస్తున్నారు. అది తొందరపాటు. ఆ ఫిట్టర్ పదేళ్ల తర్వాత ఎక్కడుంటాడో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెల్డింగ్ సంగతే చూడండి. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది, ఫిట్టరైనా ఎలక్ట్రీషియనైనా రెండేళ్లు. పైపు పనికి సర్టిఫికెట్ చూసి లోపలికి పిలుస్తారు, తీసుకునేది మాత్రం 6జీ టెస్టు చూసే. ఈ టెస్టులో పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు. మనిషే వంగి, పక్కకు జరిగి, చుట్టూ అతుకు వేయాలి. సాధారణంగా రూట్, అంటే అడుగున వేసే మొదటి పొర, టిగ్ వెల్డింగ్‌తో, పైన నింపే పొరలు 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో. రూట్ గ్యాప్, అంటే రెండు పైపు ముక్కల మధ్య వదిలే సందు, సమంగా పెట్టకపోతే అతుకు లోపలిదాకా కరగదు. రాడ్ చెమ్మగిల్లితే అతుకులో పొరాసిటీ, అంటే గాలి బుడగల రంధ్రాలు, వస్తుంది. రెండూ ఎక్స్‌రేలో దొరికిపోతాయి. మన సముద్రపు గాలిలో ప్యాకెట్ విప్పి రాత్రంతా బయట వదిలేసిన 7018 రాడ్‌ను ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడకూడదు. ఈ జాగ్రత్త చేతికి అలవాటు కావాల్సిందే, మార్కుల జాబితాలో కనిపించదు.

పరవాడ ఫార్మా సిటీలో తీరు వేరు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టు పోస్టుకి బీఎస్సీ కెమిస్ట్రీయో, ఎంఎస్సీయో, బీఫార్మసీయో అడుగుతారు. ఇక్కడ డిగ్రీ లేకపోతే మాటే లేదు. అలాగని డిగ్రీ ఒక్కటే చాలదు. ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం చుట్టూ తిరుగుతాయి. మొబైల్ ఫేజ్‌ని, అంటే యంత్రంలో పారించే ద్రావణాన్ని, వడపోసి గాలి ఎందుకు తీయాలి? తీయకపోతే పంపులో బుడగ చేరి ప్రెషర్ ఊగుతుంది, పదార్థం బయటికొచ్చే సమయం (రిటెన్షన్ టైమ్) జరిగిపోతుంది. మూడేళ్లూ ఆ యంత్రాన్ని దూరం నుంచే చూసిన పిల్లలు ఇక్కడే తడబడతారు. వాళ్లను నిందించి లాభం లేదు, తప్పు కాలేజీది. చేరేముందు ల్యాబ్ చూపించమని గట్టిగా అడగండి. యంత్రం ఉందా లేదా అన్నదానికంటే, లాగ్‌బుక్‌లో చివరి తేదీ ఎప్పటిదో చూడండి.

ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునే మధ్యతరగతి పిల్లలకు నా సలహా ఒకటే: ముందు డిప్లొమా. పది తర్వాత పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ మూడేళ్లు, ఆపైన ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాది. మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపినా ఆరే. తేడా అల్లా మూడో ఏడాది చివర ఆగడానికి ఒక మెట్టు ఉండటం. ఇంట్లో డబ్బు కష్టమైనా, చదువు మీద మనసు పోకపోయినా డిప్లొమాతో ఉద్యోగానికి పోవచ్చు. రెండో దారిలో బ్యాక్‌లాగ్‌లతో బీటెక్ మధ్యలో ఆగిన పిల్లాడి చేతిలో మిగిలేది ఇంటర్ మార్కుల జాబితానే. అన్నేళ్ల కష్టం అలా పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అప్రెంటిస్‌షిప్‌ను ఉద్యోగమనుకోవడం ఇంకో పొరపాటు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానికి లేదు. ఒకసారి చేసినవాళ్లకు మళ్లీ అవకాశం ఇవ్వబోమని చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది. స్టైపెండ్ కోసం దొరికిన మొదటి చిన్న షెడ్డులో చేరిపోతే, డాక్‌యార్డు లాంటి చోట నేర్చుకునే వీలు పోతుంది.

ఇక ఆ ఫిట్టర్. మొదటి ఐదారేళ్లు అతనికి డిగ్రీ లోటు తెలియదు. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు, తను పని నేర్పిన డిప్లొమా కుర్రాడే తన మీద అధికారిగా వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు పరుగెత్తి దూరవిద్యలో బీటెక్ కడితే డబ్బు వృథా. అలాంటి ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఉద్యోగులకు వీలైన వేళల్లో తరగతులు నడపడానికి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీనే చూసుకోవాలి. గ్రూప్-2కో బ్యాంక్ పీఓకో అయితే యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ సరిపోతుంది.

కౌన్సెలింగ్‌కు వెళ్లేముందు, పిల్లలు కోరుకునే ఉద్యోగానికి సంబంధించిన పాత నోటిఫికేషన్లు ఓ మూడు దింపుకుని అర్హతల పేరా చదవండి. డిప్లొమావాళ్ల కోసం తీసే కొన్ని పోస్టులకు అంతకు మించి చదివినవాళ్లు అనర్హులని ఆ పేరాలోనే ఒక వాక్యం ఉంటుంది. బీటెక్ అయ్యాక దాన్ని చూసుకున్నవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు.