పప్పు, నూనెల సంగతేమిటి?

నెల సరుకుల చీటీలో ఒకప్పుడు మొదటి పద్దు బియ్యమే. ఇప్పుడది బాగా చిక్కిపోయింది. 1999-2000లో మన దేశంలో పల్లె కుటుంబం వంద రూపాయలు ఖర్చుపెడితే అందులో 22 రూపాయలు బియ్యం, గోధుమల వంటి తిండిగింజలకే పోయేవి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే నాటికి అది 5 రూపాయల దగ్గరకు దిగింది. ప్యాకెట్ తినుబండారాలు, పానీయాలు, బయట వండిన పదార్థాలకు మాత్రం దాదాపు పది రూపాయలు పోతున్నాయి.

బియ్యం భారం తగ్గడంలో రేషన్ పాత్ర పెద్దది. అందుకు సంతోషించాల్సిందే. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అయితే అన్నం ఒక్కటే భోజనం కాదు కదా! పల్లెల్లో మొత్తం తిండి ఖర్చు వాటా 2022-23లో 46.4 శాతం ఉంటే, మరుసటి ఏడాది 47 శాతమైంది. పట్టణాల్లోనూ కాస్త పెరిగింది. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన వాటా మళ్లీ పైకి కదలడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. సర్వే జరిగిన ఆ పన్నెండు నెలల్లో కందిపప్పు, కూరగాయల ధరలు ఎలా మండాయో వంటింటికి తెలుసు.

దేశం మొత్తమ్మీద పల్లెలో మనిషికి నెలకు సగటు ఖర్చు రూ.4,122. తెలంగాణలో రూ.5,435, ఆంధ్రప్రదేశ్‌లో రూ.5,327. సగటు కన్నా పైనున్నామని పొంగిపోతే అడుగున ఉన్నవాళ్లు కనిపించరు. దేశంలోని పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది ఖర్చు నెలకు రూ.1,677. అంటే రోజుకు 56 రూపాయలు. తిండి, బట్ట, మందులు, బస్సు ఛార్జీ, సెల్‌ఫోన్ రీఛార్జి అన్నీ అందులోనే!

కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం ఏ ఊరి కిరాణా కొట్టు ముందైనా కాసేపు నిలబడండి. పావుకిలో కందిపప్పు, ఒక చిన్న నూనె ప్యాకెట్, అయిదు రూపాయల కారప్పొడి. వెంట వచ్చిన పిల్లాడు చిప్స్ కోసం మారాం చేస్తే మరో అయిదు. కొద్దికొద్దిగా కొనేవాళ్లకే ధర ఎక్కువ పడుతుంది. ఆ చిప్స్ ప్యాకెట్‌ను చూసి పల్లెలు బాగుపడ్డాయని లెక్కకట్టడం సరికాదు. గుడ్డో పాలో దొరకాల్సిన వయసులో ఆ పిల్లాడి కడుపు నింపుతున్నది అదే.

2011-12 తర్వాత పదకొండేళ్ల పాటు కేంద్ర ప్రభుత్వం ఈ వినియోగ వ్యయ సర్వే ఫలితాలు బయటపెట్టలేదు. 2017-18లో సర్వే జరిపి కూడా నాణ్యత లేదంటూ పక్కన పెట్టేసింది. అలాంటి ఖాళీ మళ్లీ రాకూడదు.

రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె కూడా ఇవ్వాలన్నది మా డిమాండ్. ఇదేమీ కొత్త కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ పేరిట కందిపప్పు, పామాయిల్, చింతపండు సహా 9 సరుకులు రూ.185కే ఇచ్చారు. ఇప్పుడు ఆ ధరకు ఇవ్వలేకపోవచ్చు. కనీసం పప్పుతోనైనా మొదలుపెట్టవచ్చు. తాండూరు కంది మన దగ్గరే పండుతోంది. రైతు దగ్గర మద్దతు ధరకు కొని, పప్పు ఆడించి, అదే చౌకధరల దుకాణంలో కార్డుకు రెండు కిలోల చొప్పున ఇవ్వడానికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.