ముద్దకట్టే ప్రోటీన్లు, అలసిపోయే కాపలా

చిత్తూరులో ఉండే మా పెద్దమ్మకు మూడేళ్ల కిందట తిరుపతిలో శుక్లాల ఆపరేషన్ జరిగింది. నెల తిరగకముందే వాకిట్లో ముగ్గు పెట్టడానికి కూర్చుంది. చుక్కలు చక్కగా కనిపిస్తున్నాయి, కానీ పదకొండు చుక్కల వరుస ఏడో చుక్క దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. ఏడాది తరువాత అది అల్జీమర్స్ అని తేలింది.

కంటిలో జరిగినదీ మెదడులో జరిగినదీ ఒకే కోవకు చెందినవి. కటకంలోని ప్రోటీన్లు మడత చెడి ఒకదానికొకటి అతుక్కుంటే శుక్లం ఏర్పడుతుంది. అల్జీమర్స్‌లో నాడీకణాల బయట అమైలాయిడ్ బీటా, లోపల టావ్ అనే ప్రోటీన్ పేరుకుంటాయి. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ ముద్దకడుతుంది. కటకాన్ని తీసి కొత్తది పెట్టవచ్చు. నాడీకణానికి ఆ వీలు లేదు.

ఈ వ్యాధుల గురించి రాసేటప్పుడు అందరూ ముద్దల గురించే చెబుతారు. అన్నేళ్లపాటు వాటిని రాకుండా ఆపినదేమిటన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. ఇలాగే ప్రోటీన్ ముద్దకట్టే వంశపారంపర్య మెదడు జబ్బు హంటింగ్టన్స్‌కు మూలమైన జన్యు దోషం పుట్టుకతోనే ఉంటుంది, అయినా లక్షణాలు సాధారణంగా 30–50 ఏళ్ల మధ్యే బయటపడతాయి. ఆ దోషం కొన్ని నాడీకణాల్లో వయసుతో పాటు పెరగడం ఈ ఆలస్యానికి ఒక కారణమైతే, కణం తనకు తాను పెట్టుకున్న కాపలా మరొక కారణం.

ప్రోటీన్ పొడవైన గొలుసులా పుట్టి, మడత పడ్డాకే పనికొస్తుంది; ఆ కాపలా అది పుడుతున్నప్పుడే మొదలవుతుంది. నీటిని దూరంగా ఉంచే భాగాలు బయటికి తెరుచుకుని ఉంటే పక్క గొలుసుకు అతుక్కుంటాయి కాబట్టి, షాపెరోన్లు అనే సహాయక ప్రోటీన్లు ఆ భాగాలను పట్టుకుని, సరిగ్గా మడత పడే వ్యవధి ఇచ్చి వదులుతాయి. పాడి ఉన్న ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: పాలలోని కేసిన్ రేణువులు వాటి పైపొర వల్లే విడివిడిగా తేలుతుంటాయి, నిమ్మరసం పడితే విరిగిపోతాయి, విరిగిన పాలు మళ్లీ పాలు కావు. కణం మాత్రం కొంతవరకు ఆ పని కూడా చేయగలదు. హెచ్‌ఎస్‌పీ70 అనే షాపెరోన్ తన తోడు ప్రోటీన్లతో కలిసి ముద్ద నుంచి గొలుసులను లాగి విడదీస్తుంది.

బాగుపడని ప్రోటీన్‌కు యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌తో ముద్ర వేసి, ప్రోటియాసోమ్ అనే పీపాలోకి పంపి ముక్కలు చేయడం తరువాతి మెట్టు. దీన్ని కనుగొన్నందుకే 2004లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ పీపా నోరు ఇరుకు కనుక విప్పిన గొలుసే దూరుతుంది, ముద్ద పట్టదు. ముద్దను పొరతో చుట్టి, కణంలో చెత్తను జీర్ణం చేసే సంచి అయిన లైసోజోమ్‌కు చేర్చే పని ఆటోఫజీ అనే ప్రక్రియది, దానిపై కృషికి యొషినోరి ఒసుమి 2016లో నోబెల్ అందుకున్నారు. కొన్ని నాడీకణాల తంతువు మీటరు దాకా ఉంటుంది. దాని కొసన చుట్టిన చెత్త మూట అంత దూరమూ ప్రయాణించి కణదేహానికి చేరాలి. పైగా నాడీకణం విభజన చెందదు కాబట్టి పేరుకున్నదాన్ని పిల్లకణాలకు పంచుకునే అవకాశం లేదు. కటకానిదీ ఇదే కథ: అక్కడ కాపలా కాసే ఆల్ఫా క్రిస్టలిన్‌ను పాత కణాలు కొత్తగా తయారుచేసుకోలేవు, ఉన్న నిల్వ వయసుతో తరిగిపోతుంది.

అందుకే ముద్దలను తొలగించే మందులొక్కటే చాలవని అనిపిస్తోంది. అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ ప్రయోగంలో 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది, ఆగలేదు. కాపలాను బలపరచడం కూడా అంత తేలికేమీ కాదు. షాపెరోన్ల స్పందనను పెంచేందుకు రూపొందించిన అరిమోక్లోమాల్ అనే మందు, కండరాలను నడిపే నాడీకణాలు నశించే ఏఎల్‌ఎస్ జబ్బు రోగుల్లో విఫలమైంది, కానీ నీమన్-పిక్ సీ అనే అరుదైన వ్యాధికి 2024లో అమెరికా అనుమతి పొందింది. ముద్దను విడదీసినప్పుడు రాలే చిన్న తునకలు పక్క కణాల్లో కొత్త ముద్దలకు బీజాలయ్యే ప్రమాదమూ ఉంది.

ఏ మందు వచ్చినా కాపలా పూర్తిగా కూలకముందే ఇవ్వాలి కాబట్టి, జబ్బును తొందరగా గుర్తించడం తప్పనిసరి. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో, అంటే అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులతో ఉన్నారని అంచనా. ఆ వయసువాళ్లు తమంతట తాము వరుసకట్టి వచ్చేది శుక్లాల పరీక్షకే. అక్కడే పది నిమిషాల జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెట్టవచ్చు. ఆ రోజు మా పెద్దమ్మను గోడ మీది అక్షరాలు చదవమన్నారు. ఆ ఉదయం ఏం తిన్నదో ఎవరూ అడగలేదు.