హెవీ మెటల్ తగాదాలను అనంతపురానికి బదిలీ చేయాలి

హెవీ మెటల్ అనే హోరెత్తించే రాక్ సంగీత రంగంలో ప్రపంచవ్యాప్తంగా శాంతిభద్రతలు పూర్తిగా క్షీణించాయి. మన జిల్లా పరిషత్తు ఇంతవరకు దీని మీద ఒక్క తీర్మానమూ చేయకపోవడం శోచనీయం. ఆ రంగంలో గిటార్లు విరగ్గొట్టడం, గొంతులు చించుకోవడం మామూలే, దాన్నెవరూ తప్పుపట్టరు. తగాదా అంతా బ్యాండు పేరు దగ్గరే. పాడేవాణ్ని వెళ్లగొడతారు, ఇంకొకణ్ని తెచ్చుకుంటారు. వెళ్లినవాడు ఊరుకోడు, అదే పేరుతో ఇంకో దుకాణం తెరుస్తాడు. ఇక లాయర్లు.

ఇలాంటి వ్యాజ్యాలు విని తేల్చే అర్హత భూమ్మీద ఒక్క అనంతపురానికే ఉందని నా వాదన. ఆధారాలు మనవి చేసుకుంటాను.

1969లో కాంగ్రెస్ పార్టీ రాష్ట్రపతి పదవికి మన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గారిని నిలబెట్టింది. ప్రధాన గాయని ఇందిరాగాంధీకి ఆ పల్లవి రుచించలేదు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయండన్నారు. అంతరాత్మలన్నీ కూడబలుక్కుని వి.వి.గిరిని గెలిపించాయి. నవంబరుకల్లా పార్టీ రెండు ముక్కలు. చిత్రమేమంటే, గాయనిని బహిష్కరించినవాళ్లు చివరికి ‘పాత కాంగ్రెస్’గా మిగిలారు, బహిష్కృతురాలిదే అసలు కాంగ్రెస్ అయింది. కాడెద్దుల గుర్తు ఎవరికీ కాకుండా పోతే ఆవూదూడతో 1971 ఎన్నికలు గెలిచారామె. 1978లో మళ్లీ చీలిక, ఈసారి హస్తం, పేరు వెనక బ్రాకెట్లో ‘ఐ’. ఓడిన మన పెద్దాయనా తక్కువ తినలేదు. 1977లో నంద్యాల నుంచి జనతా టికెట్టు మీద రాష్ట్రం మొత్తంలో ఒక్కరే నెగ్గి, అదే ఏడు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఇంత కథ ఉన్న బ్యాండు ఇంగ్లండులో ఒక్కటి చూపించండి.

అది చాలదంటే 1995. పార్టీ పెట్టింది ఆయన, పేరు పెట్టింది ఆయన, చైతన్యరథం ఎక్కి ఊరూరా గొంతు పోగొట్టుకున్నది ఆయన. ఆగస్టులో ఎమ్మెల్యేలు ఎక్కువమంది ఎటు నడిస్తే పార్టీ అటు నడిచింది, వెంటే సైకిలూ వెళ్లింది. అప్పుడు ఎన్టీఆర్ ఎక్కడి ఎమ్మెల్యే? అప్పటి మన జిల్లాలోని హిందూపురం. లీడ్ సింగర్‌ను దించేసి బ్యాండు పేరు నిలుపుకునే విద్యను ఇంత దగ్గరగా చూసిన నియోజకవర్గం ఇంకెక్కడుంది?

ఇక విదేశీ ఫైళ్లు. డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు బ్యాండు తొలి గాయకుడు రాడ్ ఎవాన్స్. 1969లో ఆయన్ను తప్పించి ఇయాన్ గిలన్‌ను తెచ్చుకున్నారు. 1980లో బ్యాండు మూతపడి ఉన్న సమయం చూసి, ఎవాన్స్ నలుగురు కొత్తవాళ్లను వెంటేసుకుని అదే పేరుతో కచేరీలు మొదలుపెట్టాడు. కోర్టు 6,72,000 డాలర్లు కట్టమంది. మొట్టమొదట పాడినవాడే నకిలీగా తేలాడు. హిందూపురం ఓటరుకు ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ కనిపించదు.

అమెరికాలో క్వీన్స్‌రైక్ అని ఒక బ్యాండు. గాయకుడు జెఫ్ టేట్, మేనేజరు ఆయన భార్య. 2012లో ముందు ఆమెను తీసేశారు, తర్వాత ఆయన్ను. (ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తే అది మీ జ్ఞాపకశక్తి, నాకు సంబంధం లేదు.) టేట్ తమ మీద ఉమ్మేశాడని తక్కినవాళ్లు కోర్టుకు విన్నవించుకున్నారు. కేసు నడుస్తుండగా రెండు క్వీన్స్‌రైక్‌లూ ఊళ్లు తిరిగాయి, 2013లో రెండూ చెరో ఆల్బమూ వదిలాయి. అభిమాని టికెట్టు కొనేముందు ఏ క్వీన్స్‌రైక్ అని అడిగి కొనాలి. 2014లో రాజీ కుదిరింది. పేరు బ్యాండుకు, ‘ఆపరేషన్ మైండ్‌క్రైమ్’ ఆల్బమును మొదటినుంచి చివరిదాకా కచేరీలో పాడే హక్కు టేట్‌కు. అన్నదమ్ముల పంపకంలో బోరు ఒకనికి, మోటరు ఒకనికి రాసినట్టుంది. నీళ్లెవరికొచ్చాయో మీరే ఆలోచించండి.

శాక్సన్ కేసు నాకు మరీ ఇష్టం. బార్న్‌స్లీ అనే బొగ్గుగనుల ఊరి బ్యాండు. గిటారిస్టు గ్రాహం ఆలివర్, బేస్ వాయించే స్టీవ్ డాసన్ ఎప్పుడో బయటికొచ్చేశారు. 1999లో ఇద్దరూ కలిసి ‘శాక్సన్’ అన్న పేరును ట్రేడ్‌మార్కుగా తమ పేరిట రిజిస్టరు చేయించుకుని, ఇంకా పాడుతూనే ఉన్న బిఫ్ బైఫర్డ్‌ను నువ్వెవరు పొమ్మన్నారు. 2003లో హైకోర్టు జడ్జి లాడీ తేల్చిందేమంటే, పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, భాగస్వామ్యానిది. విడిచి వెళ్లినవాడు దాన్ని జేబులో వేసుకుని పోవడానికి లేదు. రిజిస్ట్రేషను చెల్లదు.

సరిగ్గా ఈ తీర్పే మా పాతూరులో ఒక పెద్దమనిషి అయిదు నిమిషాల్లో చెప్పాడు, కోర్టు ఫీజు లేకుండా. ఇక్కడొక బ్యాండు మేళం ఉంది. పేరు రాయను, రెండు వర్గాలూ మా ఇళ్ల పెళ్లిళ్లకు రావాల్సినవాళ్లే. ఎర్రకోట్లు, భుజాల మీద జరీ కుచ్చులు, పెద్ద డ్రమ్ము మీద పసుప్పచ్చ పెయింటుతో మేళం పేరు, కింద ఫోన్ నంబరు. మైకు బండి మీద నిలబడి పాడే కుర్రాడికి అడ్వాన్సు డబ్బు దగ్గర తేడా వచ్చి బయటికి పోయాడు. పోయి, చీమ తలకాయంత అక్షరాలతో ‘న్యూ’ అని తగిలించి, కింద అదే పేరు ఇంతలావు రాయించాడు. ఒక ముహూర్తానికి పెళ్లికూతురు వాళ్లు పాతదాన్ని, పెళ్లికొడుకు వాళ్లు కొత్తదాన్ని పిలిచారు. ఎదురుకోలు దగ్గర రెండు మేళాలూ ఎదురుబొదురు నిలబడి ఒకే పాట వేరువేరు శ్రుతుల్లో అందుకున్నాయి. గుర్రం బెదిరింది. పెళ్లికొడుకు దిగిపోయాడు.

పెద్దమనిషి ఇద్దర్నీ పక్కకు పిలిచి అడిగింది ఒకే ప్రశ్న.

“రాత్రిపూట డ్రమ్ము ఎవురింట్లో ఉంటాదిరా?”

“మా ఇంట్లోనే అన్నా,” అన్నాడు క్లారినెట్ ఆయన.

“అయితే పేరు వీళ్లదే. నువ్వు ఇంగో పేరు పెట్టుకోప్పా. గొంతు నీ దగ్గరే ఉండాది గదా.”

లాడీ గారు ఈ మాటనే పేరాలకు పేరాలు రాశారు.

డ్రమ్ము సూత్రం అన్ని కేసుల్లోనూ పనిచేస్తుందని నేననను. నార్వేలో గోర్గొరోత్ బ్యాండు నుంచి ఇన్ఫెర్నస్‌ను తక్కిన ఇద్దరూ గెంటేశామన్నారు. 2009లో ఓస్లో కోర్టు, పేరు అతనిదే పొమ్మంది. ఇద్దరూ ‘గాడ్ సీడ్’ అని కొత్త బోర్డు కట్టుకున్నారు. పోలండులో బతుష్కా వాళ్లది ఇంకా కష్టం. మొహాలకు ముసుగులు, ఒంటికి చర్చి అంగీలు. 2019లో గిటారిస్టు వర్గం ఒక ఆల్బము, గాయకుడి వర్గం ఒక ఆల్బము, రెండింటి మీదా ఒకే పేరు. ముసుగులో ఎవరున్నారో వాళ్లమ్మ కూడా చెప్పలేదు. చివరికి కోర్టుమాట మీద గాయకుడి వర్గం పేరు మార్చుకుంది. ఇలాంటి కేసుల్లో మన పెద్దమనుషులు ముందు ముసుగులు తీయించి, నీళ్లు తాగించి, తర్వాతే మాట మొదలుపెడతారు.

జుడాస్ ప్రీస్ట్ బ్యాండుది తగాదా కాదు గానీ చెప్పకుండా ఉండలేను. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ వెళ్లిపోతే, ఓహాయోలో అచ్చం ఆయనలాగే పాడుతూ వాళ్ల పాటలతోనే కచేరీలు చేసే టిమ్ ఓవెన్స్‌ను 1996లో తీసుకొచ్చి నిలబెట్టారు. 2003లో హాల్‌ఫర్డ్ తిరిగొచ్చాడు, ఓవెన్స్ దిగిపోయాడు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో మర్యాదస్తుడు అతనొక్కడే. పేరు నాదన్న మాట ఎత్తలేదు.

కాబట్టి నా ప్రతిపాదన. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో 15వ పేరా ఉంది. పార్టీ చీలితే అసలుది ఏదో ఎన్నికల సంఘమే తేలుస్తుంది, తలకాయలు లెక్కపెట్టి. బ్లాక్ సబ్బాత్ బ్యాండు పుట్టిందీ 1968లోనే, దీన్ని నేను యాదృచ్ఛికం అనుకోవడం లేదు. ఆ పేరాను హెవీ మెటల్‌కు వర్తింపజేసి, విచారణాధికారం సప్తగిరి సర్కిలు దగ్గర కూర్చునే మా వాళ్లకు ఇప్పించాలి. తీర్పు వచ్చేదాకా పేరు స్తంభన. రెండు వర్గాలూ బ్రాకెట్టు పెట్టుకుని ఆడుకోవచ్చు, క్వీన్స్‌రైక్ (టే), క్వీన్స్‌రైక్ (మి). గుర్తులుగా కుట్టుమిషను, సీలింగ్ ఫ్యాను లాంటివి ఇస్తే పుర్రెలూ గబ్బిలాలూ కొంతకాలం విశ్రాంతి తీసుకుంటాయి.

బ్లాక్ సబ్బాత్ వాళ్లే ముందు మన దగ్గరికొచ్చి ఉంటే ఎంత కాలం మిగిలేది! 1979లో గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్‌ను తీసేసి రానీ జేమ్స్ డియోను తెచ్చుకున్నారు. (ఆ కాలం పాటలు బాగున్నాయి, ఆజీ అభిమానులు నన్ను క్షమించనక్కర్లేదు.) 2009లో పేరు మీద హక్కు కోసం ఆజీ, గిటారిస్టు టోనీ అయోమీ మీద దావా వేశాడు, మరుసటేడు రాజీ. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో పాత నలుగురూ ఒకే స్టేజీ ఎక్కారు. ఆ నెలలోనే ఆజీ పోయాడు. నలభై ఆరేళ్ల పంచాయితీ. మా దగ్గర పొలంగట్టు తగాదాలు కూడా అంతకాలం సాగుతాయి, నిజమే. కానీ మధ్యమధ్యలో పెళ్లిళ్లకు పిలుచుకుంటారు.

ఫిర్యాదుదారులకు చిన్న సూచన. విచారణకు వచ్చేటప్పుడు ట్రేడ్‌మార్కు కాగితాలు, పాత పోస్టర్లు, డ్రమ్ము తప్పనిసరి. లాయర్లు బయటే ఉండాలి. ఆంప్లిఫయర్లు తేవద్దు, మా దగ్గర మధ్యాహ్నం కరెంటుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.